కాన్పుల ఆసుపత్రి ఎదురుగా

మార్కెట్టు స్టాపులో దిగి
కాన్పుల ఆసుపత్రి ఎక్కడంటే
"కోట ఎదురుగా" అన్నారు.
కోటంటే ఇంతేనా!
ఒక గుమ్మం, కొంచెం గోడ.
మిగతాది రోడ్డు తినేసింది.

నాలుగింటిదాకా లోపలికి రానివ్వరు.
ఫిరంగి కంతలో టిఫిన్ డబ్బా పెట్టి
పక్కనే చతికిలపడ్డాను.
బాగేపల్లి గంగరత్నమ్మ
తలుపు మేకుకి ఎక్స్‌రే కవరు తగిలించింది.
ఏనుగుల నుదుళ్ళ కోసం కొట్టిన మేకులట అవి.

కావలి మునిరెడ్డప్ప చెప్పాడు:
ముందు మట్టికోట, తర్వాత రాతిది,
ఆ తర్వాత ఓ వెన్నెల రాత్రి
తెల్లవాళ్ళు గోడ పగలగొట్టుకుని వచ్చారు.
"ఎక్కడ పగిలింది?"
చెయ్యి గాల్లో తిప్పాడు,
మెట్రో వైపు, పూల లారీల వైపు.
పగిలిన చోటు కూడా మిగల్లేదు.

ఎవరో పెరుగన్నం కలుపుతున్నారు.
ఎవరో బురుజు నీడలో
నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తున్నారు.
ఎవరు, ఏ ఊరు అని
కోట అడగదు.

మూడున్నరకి ఫోను. వదిన గొంతు:
"ఆడపిల్ల. రెండున్నర కిలోలు."

లేవబోతే కాలు తిమ్మిరెక్కింది.
డబ్బా తీసి కంతలోంచి చూశాను.
రోడ్డు అవతల మూడో అంతస్తు,
ఏ కిటికీయో తెలీదు గానీ
గురి మాత్రం
సరిగ్గా అటే ఉంది.