నూట ఆరేళ్ల పది నెలలు

అయ్యా, ఇది నా సొంత చేతిరాత.
తప్పులు దిద్దింది పై బంకు మీద పడుకునే తూగేర్ మువా.
జైలు లైబ్రరీలో కార్బన్ కాగితం అయిపోయింది,
మూడు ప్రతులూ మూడుసార్లు రాశాను.
మూడోదానిలో అక్షరాలు పక్కకి ఒరిగాయి, మన్నించాలి.

నేను తగలబెట్టలేదని అనడం లేదు.
ఫ్రెస్నోలో, టైర్ల కొట్టు, ఆగస్టు రాత్రి.
నల్లపొగ తెల్లారేదాకా పేట మీద కూర్చుంది.
కొట్టు వార్తానియన్ గారిది.
కోర్టులో ఆయన తాళంచెవుల గుత్తి ఒళ్లో పెట్టుకున్నాడు,
తలుపులు లేవని ఇంకా ఎవరూ చెప్పనట్టు.
పదకొండేళ్లు వేశారు.
ఆ లెక్కకి నేను ఎదురు చెప్పను.

నా గొడవ రెండో లెక్కతో.
పదివేల డాలర్ల జరిమానా.
జడ్జిగారు ఫైలు మూస్తూ మూస్తూ చదివారు,
భోజనాల వేళ దాటుతోంది.

లాండ్రీలో గంటకి పదమూడు సెంట్లు.
రోజుకి ఆరు గంటలు, నెలకి ఇరవై రోజులు,
పదిహేను డాలర్ల అరవై సెంట్లు.
సగం జరిమానాకి.
ఆ సగం కోసినందుకు మళ్లీ డెబ్బై ఎనిమిది సెంట్లు,
కత్తికి కూలి.
ఏట్లో పోసినా ఎంచి పొయ్యమన్నారు,
సబ్బు పెట్టె అట్ట వెనక నేనూ ఎంచాను:
నూట ఆరేళ్ల పది నెలలు.
మువా మళ్లీ ఎంచాడు.
పది నెలల దగ్గర ఇద్దరికీ నవ్వొచ్చింది.

మా అక్క రామోనా బాదంపప్పు ఏరే షెడ్డులో పనిచేస్తుంది.
బూట్లకని నలభై పంపింది.
ఆ అగ్గిపుల్ల గీసిన రాత్రి అక్క ఊళ్లోనే లేదు,
అయినా ఆమె నలభైలో ఇరవై రెండు పోయాయి.
పద్దెనిమిదికి బూట్లు రావు.
సాక్సులు కొన్నాను.

ఇంకో మాట.
ఆ డబ్బు వార్తానియన్ గారికి చేరుతుందనుకుని
మొదటి ఏడాది నోరెత్తలేదు.
నా నెల జీతం ఆయన కొట్లో
ఒక బోల్టయినా అవుతుందనుకునేవాణ్ణి.
కాదట. రాష్ట్రం వారి నిధికట.
ఆయన పేరు ఈ బిల్లులో వెతికాను,
వెనక్కి తిప్పి కూడా వెతికాను.

ఇట్లు, విధేయుడు,
ఎఫ్రాయిన్ బాల్డెరాస్.

*

జవాబు ఫిబ్రవరిలో వచ్చింది.
పొగమంచుకి యార్డు మూసేశారు,
ఎక్కడో బాదం తోటలు పూశాయని వాసన చెబుతోంది.
పదకొండు వరుసల కాగితం.
శిక్ష చెప్పిన రోజున అభ్యంతరం తెలపలేదు గనుక
ఇప్పుడు వినే వీలు లేదు.

ఆ రోజు.
నడుముకి గొలుసు. లాయరు చెయ్యి నా భుజం మీద.
మా లుసీలాకి అప్పటికి మూడు.
మూడూ పదకొండూ పద్నాలుగు.
పద్నాలుగేళ్ల పిల్ల ఎంత పొడుగుంటుంది?
ఆ కూడికలో ఉండగా
పదివేలు నా పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

పైన ఇంకో కోర్టుందంటాడు మువా.
స్టాంపులకి డాలరు డెబ్బై.
మా వాటా గోడ మీద పెన్సిల్‌తో రాసి చూశాం, చెరిపేశాం.

సాయంత్రం లెక్కకి నిలబడ్డాం.
నంబరు చెప్పాను.
ఎవరూ అడక్కపోయినా, ఆ తర్వాత,
"అభ్యంతరం" అన్నాను.

ఏమన్నావ్, అంది గార్డు.

దగ్గు, అన్నాను.