తెర అడుగున లేని వాక్యం

ఇరవై ఏళ్ళపాటు సినిమా అంటే నాకు
జుల్మీరా గొంతే.

సెతూబల్‌కి వచ్చే పరాయి భాష బొమ్మలన్నిటికీ
తెర అడుగున అక్షరాలుండేవి.
నా కంటికవి తెల్లచీమల బారు.
ఆమె నాలుగో తరగతి దాకా వెళ్ళింది,
నేను ఏడేళ్ళకే కవళ్ళ తలలు తుంచడానికి వెళ్ళాను.
అందుకని ఆదివారం దీపాలారగానే
నా చెవిలోకి వంగేది.
హీరోయిన్‌కీ, ఆమె అత్తకీ, జడ్జిగారికీ,
ఆఖరికి కుక్కని పిలిచే పిల్లాడికీ
అదే గొంతు, అదే ఉల్లిపాయ వాసన.
నిమ్మతొక్కతో ఎంత రుద్దినా మా చేతుల నీచు పోదు.
ముందు వరసవాళ్ళు లేచి దూరం జరిగేవాళ్ళు.
మేం హాయిగా కాళ్ళు చాపుకునేవాళ్ళం.

ఆమెకి ఒకటే రకం కథలు కావాలి:
ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒక రహస్యం,
నువ్వుగింజ నానని ఊరి నోరు.
నాకెలా నచ్చుతాయి చెప్పండి?
సమ్మె జరిగిన ఏడు
పోలీసులు నలుగురిని పట్టుకుపోయాక
పేర్లు చెప్పింది ఇదలీనాయే అన్నారు.
ఎవరన్నారో తెలీదు.
ఆ నోటా ఈ నోటా పడి
ఆ మాట నా బల్ల దగ్గరికొచ్చేసరికి
పోలీసులు నాకు బంగారు గొలుసు కూడా చేయించారు.
కత్తెర కిందపడితే అందించే చెయ్యి లేదు.
అర్ధరాత్రి పడవలొచ్చి కంపెనీ సైరన్ కూస్తే
ఆడవాళ్ళంతా గుంపుగా పరుగు,
నేను వెనక,
జుల్మీరా నా పక్కన.
పదకొండేళ్ళు.

విప్లవమొచ్చి పాత ప్రభుత్వం పోయాక
చర్చి వెనక గదిలో రాత్రిబడి పెట్టారు.
నలభై ఒకటో ఏట
ఆ, ఏ, ఈ, ఓ, ఊ.
జుల్మీరాకి చెప్పలేదు. మొదట సిగ్గు.
తర్వాత ఒక ఆదివారం
ఒక వాక్యం మొత్తంగా నాకు దొరికిపోయింది,
"రైలు వెళ్ళిపోయింది" అని.
అప్పుడే నా చెవిలో ఆమె కూడా
"రైలు వెళ్ళిపోయింది" అంది.
సంతోషించాల్సింది పోయి
చేతిలోంచి ఏదో జారినట్టయింది.
చెబితే ఇక వంగదు కదా.

ఊరుకున్నాను. వింటూ చదివాను, చదువుతూ విన్నాను.
చావు కబుర్లు కాస్త తగ్గించేది,
ముద్దుల దగ్గర సొంతంగా రెండు మాటలు కలిపేది.
దొంగముండ, అనుకుని లోలోపల నవ్వుకునేదాన్ని.

ఆ రాత్రి బొమ్మలో
ఇద్దరు ఆడవాళ్ళు వరండాలో నిలబడ్డారు.
ఒకామె పెదాలు కదిలాయి.
అడుగున ఉంది: "వాన తగ్గేలా ఉంది."
జుల్మీరా చదివింది:
"ఆ పేర్లు చెప్పింది నేను.
మా తమ్ముణ్ణి పక్క గదిలో పెట్టారు, అరుపులు వినబడ్డాయి.
తర్వాత ఎవరో నీ పేరంటే
కాదనలేదు."

తెర వంకే చూస్తూ అడిగాను,
"రెండో ఆమె ఏమంటోంది?"
"గొడుగు మర్చిపోయావు" అని ఉంది అక్కడ,
నా అరచేయంత అక్షరాల్లో.
ఉల్లిపాయ వాసన కాసేపు ఊపిరి ఆపింది.
"ఏమీ అనలేదు," అంది.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను.
చాపిన కాళ్ళు మడతపడలేదు.
పదకొండేళ్ళు నా పక్కన నడిచింది
స్నేహమా, కాపలానా?
రెండూ అయితే దేన్ని ఎక్కడ కోయాలి?
చేప తల ఎక్కడ తుంచాలో నాకు చీకట్లో కూడా తెలుసు.
ఇది తెలీదు.

మూడు ఆదివారాలు గుమ్మం దాటలేదు.

నాలుగో ఆదివారం హాలు బయట
పోస్టరు ముందు నిలబడి ఉంది, రెండు టిక్కెట్లతో.
మూడు వారాలూ అలాగే రెండేసి కొన్నదట,
టిక్కెట్లు చింపే కుర్రాడు తర్వాత చెప్పాడు.
దగ్గరికెళ్ళి పోస్టరు చూపించాను.
"ఏంటిది? పేరేంటి?"

ఆమె నా కళ్ళలోకి చూసింది.
అవి అప్పటికే ఎడమ నుంచి కుడికి
ఒక వరస నడిచొచ్చాయి.
చూసిందో, లేదో.

గొంతు సవరించుకుని చదివింది.
ఉన్నది ఉన్నట్టు.