పుత్తూరు కట్టు

మంగళవారం రాత్రి గేము తనంతట తానే అప్‌డేట్ అయింది.
బుధవారం పొద్దున కరకంబాడి రోడ్డులో
స్కూటర్ మీంచి నేను పడినాను.
ఒక్క రాత్రి తేడాలో రెండూ విరిగినాయి:
చిత్తూరు బస్సు, నా ఎడమ మణికట్టు.

ఆ బస్సు గేము వాళ్లది కాదు.
వాళ్లకి జర్మనీ లారీలు తెలుసు, మంచు తెలుసు,
పాకాల తెలీదు.
నగరిలో మరమగ్గం దిగినాక
చెవుల్లో ఆ చప్పుడు తగ్గేలోపల
చెంగల్రాయుడనే మనిషి కూర్చుని చేసిన బస్సు.
ముందద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు.
‘చిత్తూరు వయా పాకాల’ అని బోర్డు,
అందులో ‘పా’ దీర్ఘం రవ్వంత వంకర.
ఆ వంకర చూసే నేను నమ్మింది.

ఇప్పుడు స్టాండులో జనం నిలబడే ఉండారు.
బస్సు ఉండాల్సిన చోట ఊదారంగు పెట్టె ఒకటి,
చక్రాల్లేవు, తలుపుల్లేవు.
హారన్ మాత్రం మిగిలింది.
నొక్కితే పలుకుతుంది, యాడనుంచో.

పుత్తూరులో కట్టు కట్టే ఆయన
పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు ముందర పెట్టుకుని
నా చెయ్యి పట్టుకుని
ఇంకెవరితోనో వానల గురించి మాట్లాడినాడు.
మాటల మధ్యలో ఒక్క గుంజు.
“మూడు కట్లు. నడమ విప్పి చూడొద్దు.”
“రెండిటితో అయిపోదా సామీ? జెరాక్స్ అంగడి నాది.”
“ఎముకకి అంగడి తెలీదు నాయనా.”

రెండో కట్టప్పుడు, ఒంటి చేత్తో అక్షరాలు వెతుక్కుంటా
చెంగల్రాయుడికి రాసినాను: అన్నా, ఎప్పుడు?
పంపేముందు తీసేసినాను.
రూపాయి ఇచ్చింటే అడగొచ్చు.
ఇయ్యలేదు.
మళ్లీ రాసినాను: అన్నా, నిద్రపోతా ఉండావా?

నాలుగు రోజులకి జవాబు:
“వాళ్లు లోపలి లెక్కలన్నీ మార్చినారు.
బస్సు లేచింది. తలుపు మూసుకుంటా ఉండాది.
వానచుక్కలే, అద్దం మీద జారకుండా నిలబడిపోతా ఉండాయి.
జారితే ఇస్తా.”

జారకపోతే ఏం, ఇచ్చెయ్ అనబోయినాను.
కానీ పాకాల దాటినాక, ఆ మలుపులో
ప్రతిసారీ వాన పట్టుకుంటుంది గదా.
సరే అన్నాను.

నిన్న మూడో కట్టు విప్పినారు.
మణికట్టు తెల్లగా, సన్నగా, వేరేవాళ్లది మాదిరి.
తిరిగింది. చివర్న కొంచెం పట్టేసింది.
తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చుని
ఒళ్లో, ఎవరూ చూడకుండా,
స్టీరింగ్ తిప్పుకుంటా వచ్చినాను
వడమాలపేట దాకా.

చెంగల్రాయుడి నుంచి కబురు లేదు.
గేము వాళ్ల నుంచి ఉండాది: వచ్చే నెల ఇంకో వర్షన్ అంట.

రాత్రి అంగడి మూసి గేము తెరిచినాను.
జనం అట్లే ఉండారు, సంచులు కింద పెట్టకుండా.
ఊదా పెట్టె పక్కన ఆగి
ఒకసారి హారన్ కొట్టి
ఉండండి, అన్నాను.