ఆటు వేళ

వణుకు జబ్బు సంగతి డాక్టరమ్మ చెప్పిందంతా విని
పడవల వడ్రంగి ఎలాదియో
"ఓహో, ఆటుపోట్లన్నమాట" అన్నాడు.

మాత్ర మింగిన ముప్పావు గంటకి పోటు.
చేతులు తేలతాయి, గుండీలు దారికొస్తాయి,
ఉలి చెప్పిన మాట వింటుంది.
మూడు గంటలు.
ఆపైన
బురదలో దిగబడ్డ పడవ.

చిలోయె దీవి సముద్రపు వేళల కాగితం పక్కనే
గోడకి ఇప్పుడు తన వేళల కాగితం,
చీమలంత అంకెలతో.
చేప మాత్రకి అడ్డమొస్తుందని తెలిశాక
పగలంతా బంగాళాదుంపలే, చేప రాత్రికి.
ఎర్సీరా సణుగుతూనే వండుతుంది.

నిన్న గుమ్మంలో కాలు నేలకి అతుక్కుపోయింది.
ఆమె చెయ్యి పట్టి లాగలేదు,
చీపురు కర్ర అడ్డంగా పడేసింది.
నడవలేని కాలు
దాన్ని దాటేసింది!

"ఇది ఏ గడిలో రాయను?"
"రాయకు. చీపురు మూలన పెట్టు."