ఖుర్దా మీదుగా

ఇచ్ఛాపురం దాటి వచ్చిన లారీ
రాత్రి పదకొండుకి తలుపులు తెరిచింది.
బరంపురం శివారు, రేకుల షెడ్డు.
నా చేతిలో స్కానరు కీచుమంటుంది, పేరు చదవదు.
చదివేది నేను:
గార తవిటయ్య, టైలరు, గేటు బజారు వెనక సందు.
మా గోడకి అవతలి మనిషి.

గుప్పెడంత పొట్లం. నొక్కితే రబ్బరు.
కుట్టుమిషను బెల్టు.
నాలుగు రోజులుగా ఆ గోడ వెనక చప్పుడు లేదు,
బడిపిల్లల చొక్కాలు ఒంటిచేత్తో వేలాడుతున్నాయి.

షిఫ్టు దిగితే సైకిలు మీద పావుగంట.
తెర మీద మాత్రం ఖుర్దా అని ఉంది.
అక్కడ సంచి మార్చి మళ్ళీ ఇటే తోలుతారట.
"దారి సరుకుది కాదు, లెక్కది"
అంటాడు సూపర్‌వైజరు బిసోయి, సగం ఒడియాలో.

బెల్టు మీద బెల్టుని పెట్టాను.
వెళ్ళిపోయింది.

పొద్దున్న కుళాయి దగ్గర తవిటయ్య:
"ఏటమ్మా, మీ గొడౌన్లోకి నాది వొచ్చిందేటి?"
"వొస్తాది మావా" అని
బిందె నిండకముందే ఎత్తుకున్నాను.

మూడో రాత్రి అదే పొట్లం, మూల నలిగి.
కీచు.
ఈసారి తెర మీద మా సందు.

మర్నాడు మధ్యాహ్నం
రాత్రంతా నిలబడ్డ కాళ్ళు చాపుకుని పడుకుంటే
గోడ అవతల టకటకటక.
నిద్ర పాడైంది.
తిట్టుకోలేదు.