అభ్యంతరాలు ఏవైనా ఉంటే

పదకొండు గంటలకన్నారు.
రామవరప్పాడు రింగు దగ్గరే పదకొండూ ఇరవై.
ముందు సిమెంటు లారీ, పక్కన కాలేజీ బస్సు,
వెనక నా ఇండికాని హారన్‌తో పొడుస్తున్న ఎవరో పెద్దమనిషి.
ట్రాఫిక్ గురించి మాట్లాడ్డానికి వస్తూ
ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని ఫోన్ చేస్తే
అవతల జకరయ్యకి నవ్వాగలేదు.

ఎనికెపాడులో కల్యాణ మండపం.
రాత్రి పెళ్లెవరిదో, గేటు మీద పేర్లింకా తీయలేదు.
థర్మకోల్ అక్షరాలు రెండు రాలిపోయి
పెళ్లికూతురు సగమే మిగిలింది.
వధూవరుల ఎర్ర మఖమలు కుర్చీల్లో
ఇద్దరు ఇంజినీర్లు, కాస్త బిడియంగా.
వాళ్ల వెనక ఆరు వరసల రోడ్డు పటం,
పూలదండల కొక్కేనికి వేలాడుతూ.
కాళ్ల కింద నిన్నటి అక్షింతలు.
ఇవాళ్టివి మేం వెయ్యాలి.

మనిషికి మూడు నిమిషాలు.

నా వంతొచ్చేలోగా పటం దగ్గరికెళ్లి చూశాను.
ఇరవై రెండేళ్లుగా నేను తిరిగే దారి
అందులో జానెడు కూడా లేదు.
వేలితో తడుముకుంటూ పోయాను:
టైరు పేలిన చోటు,
వానలో కనపడక డివైడర్ ఎక్కించిన చోటు,
జకరయ్య తమ్ముడు ఆటోతో సహా పడుకున్న చోటు.
అక్కడ ఆకుపచ్చ రంగేశారు.
మొక్కలు నాటతారట.

తిరపతమ్మ లేచింది,
ఖాళీ పాలక్యాన్ని కుర్చీలో కూర్చోబెట్టి.
"ఆ కంత మూసేస్తే
ఎదురుగా కనపడే ఇంటికి పాలు పొయ్యడానికి
నిడమానూరు దాకా పోయి తిరిగి రావాలా నాయనా?"
"సర్వీసు రోడ్డొస్తుందమ్మా."
"ఎప్పుడు?"
మైకు కుయ్యిమంది.
గుమస్తా ఏదో రాసుకున్నాడు.

తర్వాత నన్ను పిలిచారు, ఇంటిపేరు తప్పుగా.
సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా
స్టీరింగు మీద పెట్టి రాసిన నాలుగు కాగితాలు జేబులో ఉన్నాయి.
మొదటి కాగితం మొదటి మాట:
ఆ కంత వెంటనే మూయించండి.
గేదెలూ, బైకులూ, గడ్డిమోపులూ
ఎనభైలో వస్తున్న నా ముందుకి
అందులోంచే కదా ఊడిపడేది!

చెప్పబోయాను.
తిరపతమ్మ నా వైపే చూస్తోంది.
లేటవుతోందని పొద్దున
ఆ కంతలోంచే దూరి, రాంగ్ రూట్లో
రెండొందల గజాలొచ్చానని గుర్తొచ్చింది.
"అయ్యా, వానొస్తే గీతలు కనపడవు.
అక్కడొక లైటన్నా వేయించండి" అన్నాను.
రెండున్నర నిమిషాలు మిగిలిపోయాయి.
నా వెనక నిలబడ్డ రొయ్యల వ్యాపారికి అవి కలిసొచ్చాయి.

టీ, రెండు బిస్కెట్లు, ఒక ఫారం.
వాహనదారు, పాదచారి, స్థానికుడు, ఇతరులు:
ఏదైనా ఒకదానికి మాత్రమే టిక్కు.
పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
తర్వాత ఇస్తానని మడిచి జేబులో పెట్టుకున్నా,
ఐదో కాగితంగా.

మండపంలో చోటు లేక
కారు రోడ్డవతల పెట్టొచ్చాను.
ఎండలో దాని అద్దం కళ్లలోకి కొడుతోంది.
కంత దగ్గర తిరపతమ్మ ముందే నిలబడి ఉంది.
పక్కన నేను, చెప్పుల్లో ఇసుక.
ఒకటీ ఆగడం లేదు.
ఒక కాలు ముందుకేశాను.
ఆవిడ క్యాను మూత తళుక్కుమనేలా చెయ్యెత్తి
రెండో చేత్తో నా చొక్కా పట్టి లాగింది.

"ఆగయ్యా.
ఆ తెల్లకారాయన ఆగడు.
రోజూ చూస్తన్నాగా."