తరువాతి కాలపు నష్టం

ముహరక్‌లో, ముత్యాల వర్తకుడి పాత ఇంట్లో
యూనివర్సిటీ వాళ్లం నలుగురం,
మునిసిపాలిటీ నుంచి ఒకాయన,
సున్నం గురించి తప్ప మాట్లాడని ఇటలీ నిపుణుడు తొమ్మాసో,
ఇంటి వారసురాలు ఉమ్ రాషిద్,
ఆమె చంకలో ఏలకుల కాఫీ ఫ్లాస్కు.
రికార్డర్ పట్టుకోవడం నా పని,
ఎవరేమన్నా అక్షరం పోకుండా దించుకోవడం.

ఉత్తరపు మూల గదికి కిటికీ లేదు.
ఒకప్పుడిక్కడ ఖర్జూరం బస్తాలు మనిషెత్తు పేర్చేవారట.
వాటి బరువుకి అవే నలిగి
పాకం నేల మీది చాళ్లలో జారి
మూలనున్న కుండలోకి దిగేదట.
"మద్‌బసా" అంది డాక్టర్ మునీరా,
తీపి ఇంకా నాలుక మీదున్నట్టు.
మరి చాళ్లేవి?
నేలంతా సిమెంటు. బల్లపరుపుగా, బూడిదరంగులో.

నా ఫారంలో దానికో గడి ఉంది:
తరువాతి కాలపు నష్టం.
పక్కన ఇంకోటి: కారకులు, తెలిస్తే.

కాంట్రాక్టరు పంపిన మేస్త్రీ
తోకల పోశెట్టి, మెట్‌పల్లి మనిషి.
మా బ్యాడ్జీలు నీలం, ఆయనది పసుపు.
ఉలి ఒక అంగుళం దిగాక ఆపి
అరచేత్తో దుమ్ము తుడిచి
చాలాసేపు చూశాడు.

"మేడం, గిది నేనే పోసిన."

అక్కడ తెలుగు తెలిసింది నాకొక్కదానికే.
నాకూ ఒక్క క్షణం పట్టింది.

"తొంభై ఆరుల. గీ అర్రల పదమూడు మందిమి.
కింద గట్లు గట్లు, మన పసుపు బోదెలున్నట్టే.
రాత్రి పండినోడు పొద్దుగాల
ఎన్నుపూసలు ఎంచుకోవాలె.
సైటు మీదికెల్లి రోజుకింత సిమెంటు
టిఫిను డబ్బల తెచ్చినం, పదకొండు దినాలు.
శుక్రారం నాడు నేనే కలిపిన, నేనే పలక పట్టిన.
అది ఆరినంక, గా రాత్రి
అందరం ఎల్లెలుకల పండుకున్నం."

నేను ఇంగ్లీషులో చెప్పాను, హెస్సా అరబ్బీలో.
'తెచ్చినం' అన్నదాన్ని తెచ్చామనే చెప్పాను.
మునీరా కనుబొమ ఎత్తింది గానీ అడగలేదు.

తొమ్మాసో మెల్లగా తల అడ్డంగా ఊపాడు.
సిమెంటు చెమ్మని బిగబట్టుకుంటుంది,
ఉప్పు గోడెక్కుతుంది,
పగడపు రాయి పిండిలా రాలుతుంది.
చూపుడువేలితో గీకి చూపించాడు కూడా.
"ఆయన చెప్పేది కరెక్టే" అన్నాడు పోశెట్టి,
"గప్పుడు మాకు నడుములే ఎరుక."

ఉమ్ రాషిద్ కాఫీ వంచింది. మొదటి గిన్నె ఆయనకే.
"మనిషికి మూడు దినార్లు, నెలకి.
ఆ అద్దెతో మా అమ్మాయి నర్సింగు చదివింది" అంది.
కాసేపాగి,
"వీళ్ల పేర్లు మేమెప్పుడూ అడగలేదు."

పోశెట్టి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.
తొమ్మిది పేర్లు వచ్చాయి. పదోది నోటిదాకా వచ్చి పోయింది.
గడి చిన్నది. నాలుగు రాసేసరికి నిండింది.

గోడకి దూరంగా
ఒక మనిషి పడుకునేంత సిమెంటు ఉంచేద్దామా, అంది మునీరా.
ఉంచితే దాని కింది చెమ్మ ఎటు పోవాలి, అన్నాడు తొమ్మాసో.
బడ్జెట్లో ఆ పద్దు లేదన్నాడు మునిసిపాలిటీ ఆయన.
మధ్యాహ్నం బాంగు వినిపించేదాకా వాదించుకున్నారు.
తేలలేదు.

ఈలోగా గడప దగ్గర మొదటి చాలు బయటపడింది,
చిటికెన వేలి లోతున, నల్లగా.
పోశెట్టి వేలు పెట్టి వాసన చూశాడు.
"ఏం లేదు. మట్టి వాసన."

అప్పుడు చూశాను, రికార్డర్ ఎర్రదీపం వెలగడం లేదు.
ఎప్పుడు ఆగిందో.
పోశెట్టికి ఎలా చెప్పాలో తెలియక చేతిలోనే తిప్పుతుంటే
ఆయనే గమనించి నవ్వాడు.

"మల్ల చెప్తతియ్, మేడం.
గా టిఫిను డబ్బల ముచ్చట మాత్రం ఇడిసిపెడత."